థైరాయిడ్ మాత్ర ‘సింథటిక్’ అని మానేయవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా అమ్మకు 54 ఏళ్లు. ఆరేళ్లుగా థైరాయిడ్‌కి రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకునేది. అది సింథటిక్ మందు, ఒంటికి మంచిది కాదని ఎవరో చెప్పారట. పది రోజుల కిందట మానేసి, ఆన్‌లైన్‌లో తెప్పించిన నాచురల్ పొడి వాడుతోంది. బాగానే ఉన్నానంటోంది. వచ్చే నెల అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలని మొక్కుకుంది. మాత్ర మానేయవచ్చా?

జవాబు: మానకూడదమ్మా. రేపు పొద్దున పరగడుపునే, పాత మోతాదులోనే మళ్లీ మొదలుపెట్టించండి. గుండె జబ్బు ఉంటే మాత్రం ముందు మీ డాక్టరును అడగండి.

సింథటిక్ అనగానే ఈ మధ్య చాలామంది బెదిరిపోతున్నారు. టీవీలో సింథటిక్ డ్రగ్స్ పట్టుకున్నారని వార్త వస్తుంది, ఇంట్లో వాడే మందుకూ అదే మాట వినిపిస్తుంది. మరి టెన్షన్ పడరా? మందుల విషయంలో దానికున్న అర్థం చిన్నదే. ఆ పదార్థాన్ని మొక్క నుంచో జంతువు నుంచో తీయలేదు, ఫ్యాక్టరీలో తయారుచేశారు. అంతే. అది మేలు చేసేదా, కీడు చేసేదా అన్నది వేరే సంగతి. అమ్మ వేసుకునే లీవోథైరాక్సిన్, మెడలోని థైరాయిడ్ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్ రసాయనికంగా ఒక్కటే. రక్తంలో కలిశాక శరీరానికి ఆ తేడా తెలియదు.

ఒకప్పుడు, గ్రంథి థైరాక్సిన్‌ను సరిపడా తయారుచేయని ఈ జబ్బుకు పందుల థైరాయిడ్ గ్రంథులు ఎండబెట్టి, పొడిచేసి ఇచ్చేవారు. అది నూటికి నూరుపాళ్లు సహజమే. కానీ ఒక బ్యాచ్‌లో హార్మోన్ ఎక్కువుండేది, ఇంకో బ్యాచ్‌లో తక్కువ. 75 మైక్రోగ్రాములంటే గ్రాములో పదివేలో వంతు కూడా కాదు. అంత సన్నటి మోతాదులో రోజూ తేడా వస్తే గుండె దడో, నీరసమో తప్పదు. 1927లో థైరాక్సిన్‌ను ల్యాబులో తయారుచేయగలిగారు. రోజూ ఒకే మోతాదు పడే మాత్రలకు దారి పడింది అక్కడే.

అమ్మ బాగానే ఉందంటే అది పొడి గొప్పతనం కాదు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం, పది రోజులు పడుతుంది. ఆమె ఒంట్లో ఇంకా పాత మాత్రల బలమే ఉంది. నీరసం, మలబద్ధకం, చలి, మొహం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం ఆ తర్వాత మెల్లగా మొదలవుతాయి. అప్పటికి మాత్ర మానిన సంగతి మరిచిపోయి, వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆ పొడి ఆపేయండి. డబ్బా మీద కెల్ప్ అనో, సముద్రపు నాచు అనో రాసుందేమో చూడండి. అందులో అయోడిన్ బాగా ఎక్కువుంటుంది, దెబ్బతిన్న థైరాయిడ్‌ను ఇంకా కుంగదీయగలదు. పచ్చగన్నేరు కాయ కూడా చెట్టుకు కాసేదే, తింటే గుండె ఆగిపోతుంది.

మాత్ర మంచినీళ్లతోనే వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ కనీసం అరగంట తర్వాతే. ఈ వయసులో కాల్షియం, ఐరన్ మాత్రలు వాడేవాళ్లు ఎక్కువ. అవి ఉంటే నాలుగు గంటల ఎడం ఇవ్వండి, లేదంటే థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటబట్టదు.

ఇప్పుడొకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించండి, మాత్ర మొదలుపెట్టిన ఆరు వారాలకు మరోసారి. మీకు దగ్గర్లోనే రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బులు చూసే) విభాగమే ఉంది. ఈలోగా మత్తుగా పడుకునే ఉండటం, మాట తడబడటం, ఒళ్లు చల్లబడటం కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. మొక్కు మానుకోమని నేననను, కానీ వచ్చే నెల వద్దు. రెండో రిపోర్టు చూసి డాక్టరు సరేనన్నాక నడవమనండి. అంతవరకు దర్శనానికి బస్సులో తీసుకెళ్లండి.