గాలి లేస్తే చేతులు వణుకుతున్నాయి, ఇది అవిశ్వాసమా?

ప్రశ్న: 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, ఆరాధనకు వెళ్లే వీలులేక ఇద్దరు పిల్లలతో మా ఫ్లాట్‌లోనే చిక్కుకుపోయాను. కిటికీ అద్దాలు పగిలిపోవడంతో ముగ్గురం బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని కూర్చున్నాము. సండేస్కూలులో కంఠస్థం చేసిన 91వ కీర్తన చెబుతూనే ఉన్నాను గాని భయం తగ్గలేదు, పైగా సగం వచనాలు గుర్తుకు రాలేదు. ఈనాటికీ పెనుగాలి వీస్తే చేతులు వణుకుతాయి, ఆ రాత్రి నిద్ర పట్టదు. ప్రేమలో భయముండదని వాక్యమే చెబుతోంది కాబట్టి నా విశ్వాసంలోనే లోపముందని మా ఆడపడుచు అంటోంది. అయ్యగారూ, నాది నిజమైన విశ్వాసం కాదా?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఆడపడుచు గారు చెప్పిన మాట యోహాను వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో, 18వ వచనంలో ఉంది. దానికి ముందు వచనం తీర్పు దినమును గూర్చి మాట్లాడుతోంది. 18వ వచనం కూడా భయము దండనతో కూడినదని కారణం చెబుతోంది. దేవుడు నన్ను శిక్షిస్తాడేమోనని వణికే మనిషికి యోహాను ధైర్యం చెబుతున్నాడే గాని, గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచే గాలికి అద్దాలు పగులుతుంటే పిల్లల కోసం తల్లడిల్లిన తల్లిని తప్పు పట్టడం లేదు. ఆ భయమే మిమ్మల్ని అద్దాలున్న గది నుండి బాత్‌రూమ్‌లోకి నడిపించింది. అది లేకపోయి ఉంటే నేను మీకు ఈ జవాబు వ్రాసే అవసరం వచ్చేది కాదేమో!

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే మిగుల కలవరపడ్డాడని, ఆ శ్రమల గిన్నె తన యొద్ద నుండి తొలగించుమని తండ్రిని వేడుకున్నాడని సువార్తలు దాచకుండా చెబుతున్నాయి. అలాగే మార్కు 4వ అధ్యాయంలో, మునిగిపోతున్న దోనెలో శిష్యులు ఆయనను లేపినది విశ్వాసపు ప్రార్థనతో కాదు, దాదాపు నిష్ఠూరంతో. అయినా ఆయన ముందు గాలిని గద్దించి, ఆ తరువాతనే మీరెందుకు భయపడుతున్నారని అడిగాడు. భయం మానితేనే కాపాడతానని షరతు పెట్టలేదు.

మెదక్ చర్చిని కట్టించిన వెస్లియన్ మిషనరీల పరంపరకు మూలపురుషుడైన జాన్ వెస్లీ అనుభవం మీకు దగ్గరగా ఉంటుంది. 1736 జనవరిలో ఆయన ఓడలో అమెరికాలోని జార్జియాకు వెళ్తుండగా తుపాను వచ్చి, పెద్ద తెరచాప చిరిగి, నీళ్లు ఓడలోకి దూసుకువచ్చాయి. ఆంగ్లేయులు కేకలు పెడుతుంటే, జర్మనీ నుండి వచ్చిన మొరేవియన్ అనే ప్రొటెస్టెంటు శాఖ విశ్వాసులు మాత్రం అప్పటికే మొదలుపెట్టిన తమ ఆరాధనలోని కీర్తనను ఆపకుండా పాడారు. అభిషేకం పొందిన గురువై ఉండి కూడా తాను చావుకు భయపడుతున్నందుకు వెస్లీ ఆ ప్రయాణంలో సిగ్గుపడ్డాడు. అయినా ఆయన పరిచర్య విడిచిపెట్టలేదు. 1738 మే 24న లండనులో ఒక కూడికలో ఆయన హృదయానికి నిశ్చయత కలిగేవరకు, ఆ తరువాత కూడా, సందేహాలతోనే నడిచాడు. ఇక ఆ మొరేవియన్ల విషయంలో నేను గమనించేది ఏమిటంటే, వారు భయాన్ని తరిమేయడానికని ఆ క్షణంలో పాట ఎత్తుకోలేదు, రోజూ చేసే ఆరాధనను కొనసాగించారు. బాల్యంలో నేర్చుకున్న కీర్తన మీ నోట సగమైనా పలికిందంటే, అదే అలవాటు మీలోనూ పని చేసిందన్నమాట. ఆదరణ అంటే వణుకు ఆగిపోవడమే కానక్కరలేదు. వణుకుతూ కూడా ఎవరికి మొరపెట్టుకోవాలో తెలిసి ఉండటం ఆదరణే.

అయితే 91వ కీర్తనను తాయత్తులాగా వాడకూడదని కూడా చెప్పవలసి ఉంది. దేవదూతలు నిన్ను కాపాడుతారనే అందులోని వాగ్దానాన్నే ఎత్తి చూపి, దేవాలయ శిఖరం నుండి దుమకమని ప్రభువును శోధించినవాడు సాతాను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలమంది చనిపోయారు. వారిలో ప్రార్థిస్తూ పోయినవారు లేరని ఎవరు అనగలరు? బ్రతికినవారి విశ్వాసం గొప్పదని, పోయినవారిది కొద్దిదని చెప్పే సాక్ష్యం సంఘంలో ఎంత చప్పట్లు తెచ్చినా, బిడ్డలను పోగొట్టుకున్నవారి గుండెల్లో అది గునపమే.

చివరిగా మీ వణుకు, నిద్రలేమి గురించి. ఇన్నేళ్లయినా గాలి శబ్దానికి శరీరం అదే రోజున ఉన్నట్టు స్పందిస్తోందంటే, భయంకర అనుభవాల తరువాత అనేకులకు వచ్చే మానసిక గాయం అయి ఉండవచ్చు; దానికి వైద్యం ఉంది. మానసిక వైద్యుని తప్పక కలవండి, అందుకు ప్రార్థన మానవలసిన పని లేదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో తుపానులో చిక్కిన ఓడలోని 276 మందిలో ఎవరి ప్రాణానికీ హాని కలగదని దేవుని మాట పొందిన పౌలే, పద్నాలుగు దినాలుగా పస్తులున్న వారిని భోజనం చేయమని బ్రతిమాలాడు, నావికులు పారిపోకుండా చూడమని శతాధిపతిని హెచ్చరించాడు. ఈసారి తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకుండా, మీ సంఘంలోని స్త్రీల సమాజం వారిలో ఒకరిని ముందుగానే ఇంటికి పిలుచుకోండి. భయం కలిగిన దినమున దేవుని ఆశ్రయిస్తానని చెప్పే 56వ కీర్తనను పిల్లలతో కలిసి చదవండి. అది భయపడిన మనిషి ప్రార్థనే.