పెట్రోల్ కాక్ కారుతోందా? కొత్తది కొనే ముందు ఒక అద్దం ముక్క వెతకండి

ప్రశ్న: విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. 1995 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. ట్యాంకు కింద పెట్రోల్ కాక్ (పెట్రోల్ వదిలే, ఆపే కుళాయి) దగ్గర కారుతోంది. ఇప్పటికి రెండుసార్లు కొత్త కాక్ వేయించాను. నెల తిరక్కుండానే మళ్లీ మొదలు. ఏ కంపెనీ కాక్ కొంటే మంచిది?

ఏ కంపెనీదీ కొనకండి, ఇప్పుడప్పుడే. రెండు కొత్త కాక్‌లూ కారాయంటే తప్పు కాక్‌ది కాదు, దాన్ని బిగించిన చేతిది. నూటికి తొంభై బళ్లలో ఇదే కథ అని పందెం కాస్తాను.

ముందు ఎక్కడ కారుతోందో తేల్చుకోండి. పెట్రోల్ తడి కిందికి పాకి ఎక్కడో చుక్క కడుతుంది. చుక్క కనిపించిన చోటే లీకు అనుకుంటే పని చెడుతుంది. కాక్ మొత్తాన్ని గుడ్డతో పొడిగా తుడిచి, చుట్టూ ముఖానికి రాసుకునే పౌడర్ దట్టంగా చల్లండి. పది నిమిషాలాగి టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదే అసలు చోటు. ట్యాంకుకీ కాక్‌కీ మధ్య అతుకులో మొదలైతే పైన ప్యాకింగ్ పోయినట్టు. తిప్పే లివర్ వెనకాల మొదలైతే లోపలి రబ్బరు. కింద చెత్త పట్టే గిన్నె అంచునైతే దాని ఓ రింగ్ (గుండ్రటి రబ్బరు చుట్ట). కాక్ పొడిగానే ఉండి కార్బ్యురేటర్ ఓవర్‌ఫ్లో ట్యూబ్ నుంచి కారుతుంటే అది కార్బ్యురేటర్ లోపల పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ నీడిల్ సంగతి, కాక్‌ని తిట్టి లాభం లేదు. కాక్ ఆఫ్‌లో పెట్టినా ఆ ట్యూబ్ నుంచి కారడం ఆగకపోతే మాత్రం కాక్, నీడిల్ రెండూ దోషులే.

మీకు నెల తిరక్కుండా మళ్లీ వస్తోందంటే పై అతుకే అయ్యుంటుంది. కారణం ఏమిటంటే, కాక్ బాడీ మెత్తటి పోత లోహం. దానికి రెండు చెవులు, ఒక్కో చెవికి ఒక 6 ఎంఎం బోల్టు. కారుతోంది కదా అని మెకానిక్ 10 నంబర్ స్పానర్‌తో ఇంకో పావు తిప్పు, ఇంకో పావు తిప్పు లాగుతాడు. మధ్యలో రబ్బరు ఉంటుంది, చెవుల కింద ఏమీ ఉండదు. చెవులు ట్యాంకు వైపు వంగుతాయి. అలా వంగాక ఎంత మంచి ప్యాకింగ్ వేసినా చెవులే ముందు ట్యాంకుకి తగిలేస్తాయి, మధ్యలో రబ్బరు నలగనే నలగదు. ఇంకా బిగిస్తే ఇంకా వంగుతుంది. అంటే బిగించేకొద్దీ కారుతుంది.

దీనికి మందు అద్దం ముక్క. పాత కిటికీ అద్దం చాలు. పని ఆరుబయట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పేరుకుంటుంది. ఎవరో వచ్చి నీళ్ల మోటార్ స్విచ్ వేస్తే అంతే సంగతులు. కాక్ రిజర్వ్‌లో పెట్టి, పైపు ద్వారా పెట్రోల్ అంతా మూత గట్టిగా పట్టే క్యాన్‌లోకి దించేయండి. ట్యాంకు ఊడదీసి దుప్పటి మీద పక్కకు వాల్చి బోల్టులు విప్పండి. కాక్ తిన్నగా బయటికి లాగాలి. లోపల సన్నటి నిలువు పైపు, జాలీ ఉంటాయి, వంకరగా లాగితే జాలీ చిరుగుతుంది. తర్వాత పైపునీ జాలీనీ మెల్లగా ఊడదీసి పక్కన పెట్టండి. పైపు రాకపోతే బలవంతం చేయకండి, రుద్దేటప్పుడు దాన్ని అద్దం అంచు బయటికి ఉంచి పని కానివ్వచ్చు.

ఇప్పుడు ట్యాంకుకి ఆనే ముఖం మీద మార్కర్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. అద్దం మీద 400 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి, నాలుగు చుక్కల నీళ్లు చల్లి, కాక్‌ని బోర్లించి 8 అంకె ఆకారంలో ఓ పదిసార్లు తిప్పి ఎత్తి చూడండి. వంగిన కాక్ అయితే చెవుల చివర గీతలు చెరిగి లోహం మెరుస్తుంది, మధ్యలో గీతలు గీసినవి గీసినట్టే ఉంటాయి. రోగం అప్పుడు కళ్లకి కడుతుంది. ఎక్కువ బలం పెట్టకండి, చేతి బరువు చాలు. ప్రతి ఇరవై తిప్పులకీ కాక్‌ని సగం చుట్టు తిప్పి పట్టుకోండి, లేకపోతే ఒకే వైపు అరుగుతుంది. మధ్యలో గీతలు కూడా చెరిగిపోయేదాకా 400, తర్వాత 600, చివర 1000. ఓ రింగ్ గాడి ఉన్న కాక్ అయితే గీతలు చెరగ్గానే ఆపేయాలి. అంతకంటే అరగదీస్తే గాడి లోతు తగ్గి రింగ్ మరీ నలిగిపోతుంది. ఆఖరున కడిగి, ప్రతి రంధ్రంలోంచీ గట్టిగా గాలి ఊదండి. వాటర్ పేపర్ ఇసుక రేణువు ఒక్కటి లోపల మిగిలినా అది లివర్ ముఖం మీద గీత పెట్టి కొత్త లీకు తెస్తుంది.

ట్యాంకు వైపు ముఖాన్ని ఎవరూ పట్టించుకోరు. మీ బండిలో అక్కడ పాత సీలెంట్ పొరలు ఉంటాయని చూడకుండానే చెప్పగలను. గోరుతోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీకి తీయండి, స్క్రూడ్రైవర్ మొన వద్దు.

సీలెంట్ సంగతి ఇంకొంచెం. ఎర్ర సిలికాన్ పెట్రోల్‌లో ఉబ్బుతుంది, జెల్లీలా ఊడి కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రం, అదే జెట్‌లోకి పోతుంది. తర్వాత బండి ఆగిపోతే ఆ నేరం కార్బ్యురేటర్ మీద పడుతుంది. ఇంకొందరు పాతకాలం మేస్త్రీలు షెల్లాక్ (లక్క) పూస్తారు. ఒకప్పుడు అది బాగానే పట్టేది. ఇప్పుడు పెట్రోల్ మారింది. 2023లో ఈ20 మొదలైంది, 2025 కల్లా బంకుల్లో దాదాపు అదే. అందులో 20 శాతం ఇథనాల్. షెల్లాక్‌ని కరిగించేది ఆల్కహాలే. చెక్క పాలిష్ చేసేవాళ్లని అడగండి, లక్కని స్పిరిట్‌లోనే కరిగిస్తారు. అంటే గ్యాస్కెట్‌కి దాన్ని కరిగించే మందే పోస్తున్నామన్నమాట. మల్కాపురంలో రిఫైనరీ ఉన్న ఊళ్లో ఉంటూ కూడా పెట్రోల్ మారిన సంగతి మన షెడ్లకి ఇంకా అందలేదు! ఎంసీల్ గురించి మాట్లాడను. బయటి నుంచి తడి మీద పూస్తే ఏదీ నిలవదు. దారిలో ట్యాంకు చిల్లు పడితే గుడ్డతో తుడిచి బట్టల సబ్బు రుద్దితే ఇంటిదాకా వస్తారు. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగ్‌కి మాత్రం ఇవ్వకండి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, పేలేది ఆవిరి.

ఓ రింగ్ వైటాన్ అనే రకం రబ్బరుది దొరికితే అదే వేయండి, ఈ20కి తట్టుకుంటుంది. మామూలు నల్ల రబ్బరు ఉబ్బుతుంది. అనుమానం ఉంటే రెండు రింగులు కొని, ఒకదాన్ని గాజు సీసాలో పెట్రోల్ పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున రెండోదాని పక్కన పెట్టి చూడండి. పెద్దదైతే ఆ షాపుకి మళ్లీ వెళ్లక్కర్లేదు.

బోల్టుల పొడవు కూడా చూడండి. అసలు బోల్టు పోయి ఎవరో పొడవాటిది వేసి ఉంటే అది లోపల అడుగుకి తగిలి ఆగిపోతుంది. మీకు బిగిసినట్టే ఉంటుంది, కాక్ మాత్రం వదులే. ఓ రింగ్ పెట్టకుండా కాక్‌ని ఆనించి బోల్టుని చేత్తో తిప్పితే బోల్టు తల చెవికి ఆనాలి. ఆనకపోతే పొట్టిది కావాలి. బిగించేటప్పుడు ఇటొక అర తిప్పు, అటొక అర తిప్పు. పొట్టి స్పానర్‌ని రెండు వేళ్లతో పట్టి లాగితే వచ్చేంత బిగింపు చాలు.

లివర్ దగ్గర లీకైతే: రెండు చిన్న స్క్రూలు విప్పితే రేకు, అలల్లా వంగిన వాషర్, లివర్, దాని వెనక రంధ్రాల రబ్బరు వరసగా వస్తాయి. రబ్బరు మార్చి, లివర్ ముఖాన్ని అదే అద్దం మీద 1000 పేపర్‌తో నాలుగు తిప్పులు తిప్పండి. వాషర్ చదునైపోయి ఉంటే అదీ మార్చాలి, రబ్బరుని నొక్కి ఉంచేది అదే.

మన ఊరి గాలి గురించి ఒక మాట. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉండే బళ్లకి కాక్ మీద తెల్లటి బూజులాంటి పొడి పడుతుంది. అది లోహం తినేస్తున్న ఉప్పు గాలి పని. బ్రష్షుతో తీసేయండి. వాటర్ సర్వీస్‌లో కుర్రాళ్లు ప్రెషర్ గన్ తెచ్చి ట్యాంకు మూత మీదే కొడతారు. మూత రబ్బరు పాతదైతే నీళ్లు లోపలికి పోతాయి. ఈ20లో నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ నీటితో కలిసి అడుగుకి దిగుతుంది. అడుగున ఉండేది కాక్. మూత మీద ఒక ప్లాస్టిక్ కవర్ కట్టి ఇవ్వండి, నవ్వితే నవ్వనీయండి.

బిగించాక అర లీటరే పోయండి. ఆఫ్, ఆన్, రిజర్వ్, ఒక్కోటి అరగంట, కింద న్యూస్ పేపర్. మచ్చ లేకపోతే అప్పుడు ట్యాంకు నింపి రాత్రంతా ఉంచండి. నిండు ట్యాంకు బరువుకి కారేవి కొన్ని ఉంటాయి.

ఇంత చేసినా బాడీ మధ్యలో, ఏ అతుకూ లేని చోట చెమర్చిందంటే పోతలో చిల్లు ఉన్నట్టు. అప్పుడు కొనండి. పేరు చూసి కాదు. షాపులో ఆఫ్‌లో పెట్టి గొట్టంలో ఊదండి, గాలి పోకూడదు. తర్వాత కౌంటర్ అద్దం మీద కాక్‌ని బోర్లించండి. మధ్యలో పైపు అడ్డొస్తే అంచు పక్కన ఆనించండి. చెవి కింద ఒక కాగితం ముక్క, మధ్యలో ఒకటి పెట్టి లాగి చూడండి. ఏదైనా ఊరికే వచ్చేస్తే ఆ కాక్ డబ్బాలోకే వెళ్లాలి, ఇంకోటి తీయమనండి.