పూడిక తీయడానికి అడుగు, అల్లుడూ

కడప

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్లో చెప్పింది మీ అత్తకు చెప్పాను. "ఉద్యోగం మానుకొని ఊరికే ఇచ్చే సామాను తయారు చేస్తాడంటనా?" అని అడిగింది. ఆమె అడగడంలో తప్పేమీ లేదు. అందుకే కిరాణా బిల్లు ఒకటి తీసి చూపించాను. దాని మీద ఆమె పేరు "విజయలక్ష్మ" అని పడి ఉంది. మనం చదివితే విజయలక్ష్మి ఐదక్షరాలు. కంప్యూటర్ లెక్కలో మాత్రం పదకొండు ముక్కలు: గుడులు, పొల్లులు అన్నీ విడివిడిగా. బిల్లులో పది గళ్లే ఉన్నాయి, చివరి గుడి ఎగిరిపోయింది. "ఇట్లా కోత పడకుండా చూసేదే మనవాడి లైబ్రరీ, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో ఊరికే వాడుకోగలిగే కోడు" అన్నాను. "నా గుడి నాకు తెచ్చిపెట్టమను" అంది. కాబట్టి ఇంట్లో పర్మిషన్ వచ్చినట్టే.

ఇక నువ్వు పంపిన గ్రాంటు దరఖాస్తు సంగతి. సంధులు విడగొడతాను, ఛందస్సు గుర్తుపడతాను, మాటను రాతగా మారుస్తాను అని మూడు పేజీలు రాశావు. ఉన్నదాన్ని బాగు చేస్తానని ఒక్క లైను కూడా లేదు. నేను మూడేళ్లు ఒక చిన్న సంస్థలో ఇట్లాంటి దరఖాస్తులు చదివాను. కొత్తవి కడతామనేవాళ్లు చాలామంది. ఉన్నదాన్ని కాపాడతామని అడిగేవాళ్లు తక్కువ, వాళ్లనే నేను నమ్మేవాణ్ణి.

నువ్వు బద్వేలు నుంచి పోయేటప్పుడు పోరుమామిళ్ల చెరువు చూస్తావు కదా. దాని శాసనం 1369 నాటిది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. తవ్వింది రెండేళ్లు. ఆ తర్వాత ఆరొందల ఏళ్లకు పైగా దాన్ని నిలబెట్టింది పూడిక తీసినవాళ్లు, తూము చూసుకున్నవాళ్లు, కట్ట మీద కంపచెట్లు కొట్టినవాళ్లు. మన సీమలో వీళ్ల కోసమే దశబంధం ఇనాములుండేవి. చెరువు బాగోగులు చూసేవాడికి ఆయకట్టులో వాటా. పెద్దమనుషుల దయ అనుకోవద్దు దాన్ని, పనికి కట్టిన కూలి. నువ్వు అడగాల్సింది అదే.

దీనికి నీకు పక్కాగా చూపించగల కారణం ఉంది. కంప్యూటర్లో అన్ని లిపులకూ నియమాలు పెట్టే యూనికోడ్ వాళ్లు 2023లో 15.1 వెర్షన్‌లో అక్షరం ఎక్కడ విడగొట్టాలనే నియమం మార్చారు. అంతకు ముందు "క్ష్మి"ని క్, ష్, మి అని మూడు ముక్కలుగా లెక్కపెట్టేవాళ్లు, ఇప్పుడు తెలుగులో కూడా అది ఒకటే. నీ కోడు పాత నియమం మీద రాసింది. నీ తప్పేమీ లేదు, నేల కదిలింది. దాన్ని సరిచేయడం, పరీక్షలు రాయడం, పాత వెర్షన్ వాడేవాళ్లు దెబ్బ తినకుండా మార్పు ఎట్లా చేసుకోవాలో చెప్పడం: వారానికి పది గంటల చొప్పున ఆరు నెలల పని. ఇరవయ్యారు వారాలు, 260 గంటలు. గంటకింత అని నీ రేటు రాయి. రేటు తక్కువ వేసుకోవద్దు. మనవాళ్లకు అడగడం నామోషీ, తర్వాత లోపల్లోపల ఏడవడం అలవాటు.

పెద్ద లైబ్రరీలే ఈ మాట ఆలస్యంగా తెలుసుకున్నాయి. లోకంలో సగం వెబ్‌సైట్లకు తాళంచెవి లాంటిది ఓపెన్ఎస్ఎస్ఎల్. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు చూస్తే, దానికి ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్ల లెక్క. నంపై సంగతి చూడు. సైన్సు లెక్కలు చేసేవాళ్లంతా దాని మీదే ఆధారపడ్డా, 2017లో మూర్ ఫౌండేషన్ ఆరున్నర లక్షల డాలర్ల దగ్గర గ్రాంటు ఇచ్చేదాకా దాన్ని నడిపింది ఎక్కువగా ఖాళీ టైములో రాసినవాళ్లే.

డబ్బు ఎవరి చేతిలో పడాలి అనేదే అసలు చిక్కు. ఇక్కడ నా ముచ్చట ఒకటి చెప్తా, నవ్వొద్దు. పదేళ్ల కిందట నేనూ ఇంకొకతనూ కలిసి ఒక చిన్న లైబ్రరీ నడిపాం. విరాళాలు నా సొంత ఖాతాలో పడేవి. ఎంత వచ్చిందో నోట్‌బుక్‌లో రాసి పెట్టేవాణ్ణి, అతనికి పంపేవాణ్ణి కాదు, బద్ధకం. ఒకరోజు అతను "ఈ నెల ఎంతన్నా?" అని మామూలుగానే అడిగాడు. నాకు ఎక్కడో గుచ్చుకుంది. అప్పటి దాకా తిన్న కారం దోశలు, తాగిన టీలు అన్నీ ఆ ఒక్క ప్రశ్నతో పోయాయి. మొత్తం మీద వచ్చింది పద్దెనిమిది వేలు. అతను మళ్లీ కోడ్ పంపలేదు.

అందుకే నువ్వు ఒక సంస్థ గొడుగు కింద ఉండు. అమెరికాలో 2012లో పెట్టిన నమ్‌ఫోకస్ ఇట్లాగే చేస్తుంది. నంపై, పాండాస్ లాంటివాటికి ఖాతా, లెక్కలు, ఒప్పందాలు అది చూస్తుంది, దానికి కొంత శాతం తీసుకుంటుంది. కోడ్ ఎట్లా ఉండాలో మాత్రం రాసేవాళ్లే తేల్చుకుంటారు. చిన్న పనులకు చిన్న గ్రాంట్లు కూడా ఇస్తుంది. మన దేశంలో ఇట్లా ఊరికే ఇచ్చే కోడుకు అండగా ఉండే ఫాస్ యునైటెడ్ ఉంది, ముందు అక్కడ అడుగు. షేర్ల కంపెనీ జెరోధా వాళ్లు 2024లో ఫ్లాస్ ఫండ్ పెట్టి ఏడాదికి పది లక్షల డాలర్లు పంచుతామన్నారు, కానీ ఒక్కో గ్రాంటు పదివేల డాలర్ల నుంచి మొదలు. నీకు ఇప్పుడే అంత అవసరం లేదు.

సొంతంగా ట్రస్టు పెడతాను అన్నావు. వద్దు. విదేశీ విరాళం ఒక్క రూపాయి తీసుకోవాలన్నా ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి. రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల పాత సంస్థ అయి ఉండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చూపించాలి, ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. పొట్లం కట్టడానికి కాగితాల మిల్లు పెట్టినట్టు ఉంటుంది. పన్ను సంగతి ఆడిటర్‌ని అడుగు, నన్ను కాదు.

ఇంకొకటి, ఇది డబ్బుకంటే ముఖ్యం. రెండో తాళంచెవి, అంటే లైబ్రరీలో మార్పులు చేసే అధికారం, ఎవరికైనా ఇవ్వు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో దొంగదారి బయటపడింది. ఒంటరిగా అలిసిపోయిన నిర్వాహకుడి మీద ఒత్తిడి పెట్టి, మంచివాడిలా రెండేళ్లు పనిచేసి, నమ్మకం సంపాదించి లోపలికి వచ్చాడు ఒకడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజనీరు గమనించబట్టి సరిపోయింది. మనిషిని తీసుకోవద్దని చెప్పడం లేదు, అలిసిపోయినప్పుడు తీసుకోవద్దంటున్నా. ఇప్పుడు ఓపిక ఉంది కదా, ఆ ప్రొద్దుటూరు అమ్మాయి నీ లైబ్రరీకి పంపిన మార్పులు ముందు నింపాదిగా చదువు. గ్రాంటులో ఆమె గంటలు కూడా రాయి, వేరే లైనులో.

పోరుమామిళ్ల శాసనంలో చెరువుకు ఆరు దోషాలు చెప్పారు. అందులో ఒకటి రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. నీ లైబ్రరీని రెండు కంపెనీలు వాడుతున్నాయని సంబరపడ్డావు, ఇద్దరిలో ఎవరూ గట్టుకు తట్టెడు మట్టి వేయలేదు. దరఖాస్తుకు ముందు ఇద్దరికీ ఒక్కో ఉత్తరం రాయి, ఏడాదికి ఇంత అని. ఇవ్వకపోయినా ఆ ఉత్తరాలు దరఖాస్తుకు జత చెయ్యి. చదివేవాళ్లకు పరిస్థితి తెలుస్తుంది.

ఆ మూడు పేజీల్లో ఛందస్సు తీసేయ్, 260 గంటల పట్టిక పెట్టు, శనివారం లోపు నాకు పంపు. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానుకోవద్దు. వారానికి నాలుగు రోజులకు తగ్గిస్తారేమో మేనేజర్‌ని అడుగు, అక్కడ అవునన్నాకే మీ అమ్మకు చెబుదాం.

అత్త బిల్లును ఫ్రిజ్ మీద అతికించింది.

మీ మామ