పసిబిడ్డ ఊపిరిలో శబ్దం: కెమెరా పెట్టి చూసేదాకా ఊరుకోకండి

మీరు అడిగింది ఇదీ: బాబుకి మూడు నెలలు. పుట్టిన రెండో వారం నుంచి ఊపిరి తీసుకుంటుంటే కీచుమని శబ్దం వస్తోంది. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు, పాలు తాగేటప్పుడు ఎక్కువవుతోంది. ఒక డాక్టరు లారింగోమలేసియా అయి ఉంటుంది, పెద్దయ్యాక పోతుందన్నారు, ఇంకొకరు స్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో లోపల చూసే పరీక్ష, చేయించమన్నారు. ఇంత చిన్న పిల్లాడి గొంతులో గొట్టం పెట్టించాలా, ఆపరేషన్ దాకా వెళ్తుందా అని భయంగా ఉందన్నారు.

స్కోపీ చేయించండి. భయపడమని కాదు అండీ. మొదటి డాక్టరు చెప్పిందే నిజం కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. పసిపిల్లల్లో ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు వచ్చే ఇలాంటి శబ్దానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం లారింగోమలేసియానే. స్వరపేటిక పైభాగం మెత్తగా ఉండి, పీల్చినప్పుడల్లా లోపలికి వాలిపోతుంది. చాలామందికి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య శబ్దం బాగా పెరిగి, ఏడాది రెండేళ్లలో దానంతట అదే తగ్గిపోతుంది. కానీ "అయి ఉంటుంది" వేరు, చూసి చెప్పడం వేరు. ఆ తేడాకి మేము మూడున్నర నెలలు పోగొట్టుకున్నాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు మీరు ఇంట్లోనే చేయగలిగిన పని ఒకటి ఉంది. బాబు నిద్రలో ఉన్నప్పుడు చొక్కా విప్పి, ఫ్యాన్, టీవీ ఆపేసి ఒక నిమిషం వినండి. శబ్దం పీల్చేటప్పుడేనా, వదిలేటప్పుడా, రెండిట్లోనూనా? పీల్చేటప్పుడు మాత్రమే అయితే సాధారణంగా ఇబ్బంది స్వరపేటిక దగ్గరో, దాని పైనో ఉంటుంది. వదిలేటప్పుడు ఎక్కువైతే కింద, ఛాతీ లోపలి గొట్టాల్లో ఉంటుంది. పీల్చినా వదిలినా ఒకేలా, ఎటు తిప్పి పడుకోబెట్టినా మారకుండా వస్తుంటే మాత్రం మెత్తదనం కాదు, ఎక్కడో గట్టి ఇరుకు ఉందేమో అని అనుమానించాలి. ఈ మాట మాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

మా వాడికి ఇప్పుడు నాలుగేళ్లు దాటాయి. పుట్టినప్పుడు 2.7 కిలోలు, కాన్పులో ఏ ఇబ్బందీ లేదు. ఇంటికి తెచ్చిన వారంలోనే మా అత్తయ్య "వీడి ఊపిరి రంపం కోసినట్టుందేంటమ్మా" అన్నారు. పీల్చినా అదే, వదిలినా అదే. చూపిస్తే కఫం అన్నారు, తర్వాత జలుబన్నారు, నెమ్మన్నారు. రెండున్నర నెలల్లో రెండుసార్లు అడ్మిట్ చేశాం, యాంటీబయాటిక్స్ ఇచ్చారు, పూటకి మూడుసార్లు నెబ్యులైజర్ పెట్టారు. పిల్లికూతలంటే నెబ్యులైజర్ పెట్టాక కొంతైనా తగ్గాలి కదా, మా వాడికి ఇసుమంత తేడా లేదు. అదే మాట డాక్టరుగారితో అన్నాను. తల్లులు ఊరికే కంగారు పడతారన్నారు, నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు గట్టిగా అడగనందుకు చాలా కాలం బాధపడ్డాను. డొక్కలెగరేస్తున్నాడు, వాత పెట్టిస్తే తగ్గుతుందని మా వీధిలో ఒక పెద్దావిడ రెండు మూడుసార్లు చెప్పింది, మా ఆయన ఒప్పుకోలేదు. మీకూ ఎవరైనా చెప్తే దయచేసి వినకండి. కాల్చిన పుండే మిగులుతుంది, లోపలి ఇరుకు అలాగే ఉంటుంది.

బరువు పెరగలేదు. మూడు నెలలకి 3.9 కిలోలు. నాలుగు గుక్కలు తాగి వదిలేసేవాడు, చెమట పట్టేది, అలిసిపోయి నిద్రపోయేవాడు. పాలు చాలక ఏడుస్తున్నాడని డబ్బా పాలు మొదలుపెట్టమన్న వాళ్లూ ఉన్నారు. నిజానికి పాపం వాడు ఊపిరి తీసుకోవడానికే ఉన్న శక్తంతా ఖర్చు చేస్తున్నాడు.

పధ్నాలుగో వారంలో మామూలు జలుబు చేసింది. ఒక రాత్రి పెదాలు నీలంగా మారాయి. తెనాలి నుంచి గుంటూరులో ఒక పిల్లల ఐసీయూకి పరిగెత్తాం. వెంటిలేటర్ గొట్టం వేశారు, అయినా గాలి సరిగా లోపలికి పోవడం లేదు. అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ ఎక్స్‌రే చూసి, మిషన్ మీద అంకెలు చూసి, మా దగ్గరికొచ్చి కూర్చుని చెప్పింది: "ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయండీ, గొట్టం సరైన చోటే ఉంది, అయినా ఇంత ప్రెషర్ కావాల్సి వస్తోందంటే దాని కింద ఎక్కడో దారి ఇరుకుగా ఉంది". మూడున్నర నెలల్లో మొదటిసారి ఒకరు శబ్దం గురించి కాకుండా దారి గురించి మాట్లాడారు. మర్నాడు టూడీ ఎకో (గుండె స్కాన్) చేయిస్తే ఎడమ ఊపిరితిత్తికి వెళ్లాల్సిన రక్తనాళం తన చోట పుట్టకుండా కుడివైపు నాళం నుంచి పుట్టి, శ్వాసనాళానికీ అన్నవాహికకీ మధ్య నుంచి దూరి ఎడమవైపుకి వెళ్తోందని తెలిసింది. దీన్ని పల్మనరీ ఆర్టరీ స్లింగ్ అంటారు. ఇది ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి శ్వాసనాళం కూడా పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుందట.

అక్కడి నుంచి వెంటిలేటర్ అంబులెన్సులో ఒంగోలు, నెల్లూరు దాటి చెన్నై తీసుకెళ్లాం. అక్కడ సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు స్పష్టంగా కనిపించే స్కాన్, తీశారు. మామూలుగా శ్వాసనాళంలో మృదులాస్థి ఇంగ్లీషు సీ అక్షరంలా ఉంటుంది, వెనకవైపు మెత్తటి పొర ఉంటుంది, అందుకే దానికి కాస్త సాగే వీలుంటుంది. మా వాడికి ఆ వెనక పొరే లేదు, రింగులన్నీ గాజుల్లా పూర్తి గుండ్రంగా ఉన్నాయి, కిందికి వెళ్లేకొద్దీ క్యారెట్‌లా సన్నబడ్డాయి. అన్నిటికంటే ఇరుకైన చోట 2.1 మిల్లీమీటర్లు. ఆ వయసుకి 4, 5 మిల్లీమీటర్లయినా ఉండాలి. గొట్టం సగానికి సన్నబడితే గాలి లాగడం రెండు రెట్లు కాదు, పదహారు రెట్లు కష్టమవుతుందని సర్జన్ గారు చెప్పారు. 4 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ ఒక్క మిల్లీమీటర్ వాపు వచ్చినా గాలి పోయే జాగా నాలుగో వంతే మిగులుతుందట. మామూలు జలుబుకే వాడు ఎందుకు నీలంగా అయిపోయాడో అప్పుడు అర్థమైంది.

మీ భయం స్కోపీ గురించి కాబట్టి ఇది వివరంగా చెప్తాను. స్కోపీలు రెండు రకాలు. మొదటిది ముక్కులోంచి సన్నటి మెత్తని కెమెరా వేసి స్వరపేటిక దాకా చూడడం. ఓపీలోనే, మత్తు లేకుండా, బిడ్డని ఒళ్లో పెట్టుకునే చేస్తారు. ఒకటి రెండు నిమిషాలు ఏడుస్తాడు, అంతే. లారింగోమలేసియా అయితే సాధారణంగా ఇందులోనే కనిపిస్తుంది. మిమ్మల్ని చేయించమన్నది బహుశా ఇదే, అడిగి నిర్ధారించుకోండి. రెండోది ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చి, బిడ్డ సొంతంగా ఊపిరి తీసుకుంటుండగానే శ్వాసనాళం చివరిదాకా చూసే బ్రాంకోస్కోపీ. స్వరపేటిక కింద ఇరుకుందని అనుమానం ఉంటే ఇది తప్పదు. చేసేవాళ్లకీ, మత్తు డాక్టరుకీ ఇద్దరికీ పసిపిల్లల శ్వాసనాళాలతో అనుభవం ఉండాలి. మా వాడికి ఇరుకు కంటే సన్నటి టెలిస్కోప్ వాడారు, దాన్ని బలవంతంగా లోపలికి తోయలేదు. పైనుంచే చూశారు. తోస్తే లోపల వాచిపోయి, ఉన్న కాస్త దారి కూడా మూసుకుపోతుంది. అందుకే గుండె ఊపిరితిత్తుల మిషన్ కూడా పక్కన సిద్ధంగా పెట్టుకుని చేశారు.

మా వాడి శ్వాసనాళం వెడల్పు చేయడానికి చేసిన ఆపరేషన్ పేరు స్లైడ్ ట్రాకియోప్లాస్టీ. 1989లో లండన్ సర్జన్లు సాంగ్, గోల్డ్‌స్ట్రా దీన్ని మొదట వివరించారట. అంతకు ముందు ఇరుకు భాగాన్ని నిలువుగా చీల్చి, వేరే చోటి నుంచి తెచ్చిన ముక్కతో అతుకు వేసేవాళ్లు. స్లైడ్‌లో బయటి అతుకే లేదు. మాకు అర్థం కావాలని సర్జన్ గారు ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి మధ్యలో అడ్డంగా కత్తిరించారు. పై ముక్కని వెనకవైపు, కింది ముక్కని ముందువైపు నిలువుగా చీల్చి, రెండిటినీ విప్పార్చి ఒకదాని మీదికి ఒకటి జరిపి చూపించారు. ఇరుకు భాగం పొడవు సగమవుతుంది, చుట్టుకొలత రెట్టింపు అవుతుంది, గాలి పోయే జాగా నాలుగు రెట్లవుతుంది. సొంత కండే కాబట్టి బిడ్డతో పాటే పెరుగుతుంది. ఆ కాగితం ముక్క ఇంకా మా బీరువాలో ఉంది.

మెడ దగ్గర రంధ్రం పెడితే సరిపోదా అని మా బావగారు అడిగారు, మీ ఇంట్లో కూడా ఎవరైనా అడగొచ్చు. ఇరుకు ఆ రంధ్రం కంటే కింద, ఛాతీలో ఉంటే దానివల్ల లాభం లేదు.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. ఛాతీ ముందునుంచి తెరిచి, ఆ గుండె ఊపిరితిత్తుల మిషన్ (బైపాస్) మీద పెట్టి, ముందు ఆ దారి తప్పిన రక్తనాళాన్ని తీసి శ్వాసనాళం ముందువైపు, అది ఉండాల్సిన చోట కలిపారు. తర్వాత శ్వాసనాళం పని. కుట్ల మీద లాగుడు పడకుండా కొన్ని రోజులు తల ముందుకి వంచి ఉంచారు. ఆరో రోజు గొట్టం తీశారు. తీసిన కాసేపటికి నర్సమ్మ నన్ను లోపలికి పిలిచింది. వాడి పక్కన నిలబడితే ఏమీ వినిపించలేదు. మూడున్నర నెలలు నిద్రలో కూడా ఆ శబ్దం వింటూ, అది ఆగితే ఉలిక్కిపడి లేచి చూసుకున్న మనిషిని, అందుకే మొదట గుండె ఆగినంత పనైంది. ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాక గానీ ఏడుపు రాలేదు.

ఆపరేషన్‌తో అంతా అయిపోయిందని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. మూడో వారంలో కుట్ల దగ్గర కండ పెరిగింది, బ్రాంకోస్కోపీలో తీసేసి బెలూన్‌తో వెడల్పు చేశారు. మొదటి ఏడాదిలో మొత్తం నాలుగుసార్లు కెమెరా పెట్టి చూశారు. ఇప్పటికీ దగ్గు కంచు మోగినట్టు వస్తుంది, జలుబు చేస్తే మిగతా పిల్లల కంటే రెండు రోజులు ఎక్కువ పడుతుంది. కానీ స్కూలుకెళ్తున్నాడు, చెల్లెలితో సమానంగా పరిగెడుతున్నాడు.

మీ బాబుది ఇంత దూరం వెళ్లే విషయం కాకపోవచ్చు. లారింగోమలేసియా అని తేలితే చాలామందికి బరువు, పాలు చూసుకుంటూ ఉండడమే వైద్యం, కొందరికి పాలు పైకి తన్నకుండా మందు ఇస్తారు. నూటికి పది ఇరవై మందికి, అంటే బరువు పెరగకపోయినా, ఊపిరి మధ్యలో ఆగుతున్నా, నీలంగా అవుతున్నా, స్వరపేటిక పైన అడ్డుపడే పొరల్ని సరిచేసే చిన్న ఆపరేషన్ చేస్తారు. అందులో ఛాతీ తెరవడం ఉండదు, నోట్లోంచే చేస్తారు. స్వరపేటిక కిందే ఇరుకుంటే ఎంత శాతం మూసుకుపోయిందో చూసి నాలుగు గ్రేడులుగా చెప్తారు. 50 శాతంలోపు మొదటి గ్రేడు, అసలు దారే లేకపోతే నాలుగో గ్రేడు. తక్కువైతే కనిపెట్టుకుని ఉంటారు, ఎక్కువైతే పక్కటెముక మృదులాస్థితో వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో వీడియోలు తీసుకెళ్లండి: నిద్రలో ఒకటి, పాలు తాగుతుంటే ఒకటి, ఏడుస్తుంటే ఒకటి, ఛాతీ, డొక్కలు కనిపించేలా. ఆసుపత్రికి వెళ్లేసరికి పిల్లలు ప్రశాంతంగా ఉంటారు, మనం చెప్పేది ఎవరికీ అర్థం కాదు. ఒకే తూకం మీద వారానికోసారి బరువు చూసి రాసిపెట్టండి. పాలు కాస్త నిటారుగా ఎత్తుకుని, మధ్యమధ్యలో ఆపుతూ పట్టండి. బోర్లా వేస్తే శబ్దం తగ్గుతోంది కదా అని డాక్టరు చెప్పకుండా రాత్రి నిద్రలో మాత్రం బోర్లా వేయకండి. పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టనిపించినా, డొక్కలు లోతుగా లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే ఐసీయూ ఉన్న చోటికి వెళ్లండి. ఖర్చు సంగతి, ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే ఏ పరీక్షకి, ఏ ఆపరేషన్‌కి వర్తిస్తుందో అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లని అడగండి, మేము ఆ హడావుడిలో అడగలేదు.

బాబు పుట్టిన బరువు, ఇప్పటి బరువు మీరు రాయలేదు. శబ్దం వదిలేటప్పుడు కూడా వస్తోందా అన్నదీ చెప్పలేదు. ఈ రాత్రి విని చూసి, ఆ మూడూ ఇక్కడే రాయండి.