కర్నూల్లో బయట కూర్చుని స్కెచ్ వేయాలంటే ఎట్ల? నా అనుభవం ఇది

ఏ పెన్సిల్ కొనాల, ఏ బుక్ కొనాల, జనం చుట్టూ మూగితే ఏం చేయాల అని అడిగినారు. పెన్సిల్ సంగతి చివర్లో చెప్తా, అది పెద్ద విషయమే కాదు. మన ఊర్లో మొదట చూసుకోవాల్సింది నీడ. అందరూ ఏం బొమ్మ వేయాలో ఇంట్లోనే అనుకుని బయల్దేరతారు, కొండారెడ్డి బురుజు ముందర పోయి నిలబడతారు, పది నిమిషాలకు మాడు కాలిపోతాది, ఇంక ఫోన్లో ఫోటో కొట్టుకుని ఇంటికొచ్చి ఫ్యాన్ కింద వేసుకుంటారు. ఫోటో చూసి వేసింది నాకు ఎప్పుడూ నచ్చదు. ఫోటోలో నీడంతా నల్లగా ముద్ద అయిపోతాది, కంటితో చూస్తే ఆ నీడలో కూడా సున్నం పెచ్చులు, కిటికీ చువ్వలు, గుమ్మం మీద ఆరేసిన తువ్వాలు అన్నీ కనపడతాయి. నేనైతే ముందు కూర్చునే చోటు పట్టుకుంటా, అక్కడ్నుంచి ఏది కనపడితే అదే నా బొమ్మ.

పొద్దున పూట వీధికి తూర్పు వరసలో ఉండే ఇళ్ల అరుగు మీద కూర్చోండి. వెనకున్న ఇల్లే మీకు నీడ ఇస్తాది, ఎదురు వరస గోడల మీద ఎండ నేరుగా పడతాది, చూరు నీడ, కిటికీ నీడ గీత గీసినట్టు తెలుస్తాయి. సాయంత్రం దీనికి రివర్స్. ఎండ పడే చోట తెల్ల కాగితం తెరిస్తే ఆ మెరుపుకు కళ్లు చెదిరి గీత ఎంత ముదురుగా పడిందో తెలీదు, కూలింగ్ గ్లాస్ పెట్టుకుంటే రంగులు తప్పుగా కనపడతాయి. అందుకే మనిషి ఎండలో ఉన్నా కాగితం నీడలో ఉండాల. ఇంకోటి, కూర్చున్న పది నిమిషాల్లోపే నీడలు ఎక్కడెక్కడ పడినాయో సన్నగా గీసి పెట్టుకోండి, తర్వాత అవి జరిగినా మీరు మాత్రం మార్చొద్దు. నీడ వెంబడి మీరూ జరుపుకుంటూ పోతే చివరికి ఒక గోడకు పొద్దుటి నీడ, ఇంకో గోడకు పదకొండు గంటల నీడ ఉంటాది, చూసేవాళ్లకు ఏదో తేడాగా ఉందని తెలుస్తాది కానీ ఏందో చెప్పలేరు.

ఇంక జనం. జనం చూస్తారనే సిగ్గు రెండు మూడు సార్లకు పోతాది, అసలు ఇబ్బంది అది కాదు. మీరు ఎవరో వాళ్లకు తెలీకపోవడమే ఇబ్బంది. వన్ టౌన్లో ఒక సందులో నాకు జరిగింది చెప్తా. పాత మిద్దె ఇల్లు ఒకటి, నాపరాళ్ల అరుగు, చెక్క వాకిలి, వాకిలి పైన చెక్కిన పూలు సగం అరిగిపోయినాయి, మొండి గోడలోంచి దూలం కొస బయటికి వచ్చి కనపడతాంది. ఎదురు అరుగు మీద కూర్చుని, అందరూ చేసేదే, పెన్సిల్ ముందుకు చాపి ఒక కన్ను మూసి వాకిలి ఎంత ఎత్తు, గోడ ఎంత ఎత్తు అని కొలుచుకుంటాండా. కొంచెంసేపటికి ఆ ఇంట్లోంచి ఒక అవ్వ వచ్చి నా ముందర నిలబడింది, బుక్ వైపు కూడా చూడలా. "ఎంతవరకు పోతాది నాయనా మా ఇల్లు?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. పక్కింటాయన కూడా లుంగీ సర్దుకుంటూ వచ్చినాడు, "సార్, మాది కూడా చెప్పండి, మార్కింగ్ ఎప్పుడు వేస్తారు" అని. రోడ్డు వెడల్పు సర్వేకు వచ్చినానని అనుకున్నారు. చేతిలో బుక్కు, కన్ను మూసి కొలవడం, మరి ఏమనుకుంటారు వాళ్లు మాత్రం. బొమ్మ వేస్తాన్నా అవ్వా అని బుక్ తిప్పి చూపిస్తే అప్పటికి నాలుగు గీతలే ఉండాయి, అది ఇంటి ప్లాన్ మాదిరే ఉంది, ఇంకా అనుమానం పెరిగింది. అప్పుడు ఆ అవ్వనే అరుగు మీద కూర్చోమని చెప్పి గబగబా ఆమె బొమ్మ వేసి చూపించినా. ముక్కుపుడక, కొప్పు చూసి నవ్వింది. "2009 వరదలో నీళ్లు పైకొచ్చినా ఈ ఇల్లు పడలేదు, ఇప్పుడు గీతలు గీసి కొట్టేస్తారంట" అనింది. తర్వాత గంటసేపు ఆ సందులో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, పైగా పిల్లలు మీద పడతాంటే ఆ పక్కింటాయనే అదిలించినాడు.

అప్పట్నుంచి నేను పాత ఇళ్ల ముందర చేయి చాపి కొలవను. వాకిలి ఎత్తును ఒకటి అనుకుని మిగతావన్నీ దానికి ఎన్ని రెట్లో కంటితోనే చూసుకుంటా. ముందు ఒక మనిషినో, మేకనో, బండినో వేస్తా, దాంతో ఇది బొమ్మ అని దూరం నుంచే తెలుస్తాది. అరుగు మీద కూర్చునే ముందు ఆ ఇంటివాళ్లను అడగండి, "కూర్చోవచ్చా అమ్మా" అంటే మన వైపు కాదనేవాళ్లు తక్కువ, చాలాసార్లు మంచినీళ్లు కూడా ఇస్తారు. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ బండి దగ్గరైతే ముందు ఒక ప్లేటు తిని తర్వాత బుక్ తీయండి.

బురుజు వేయొద్దని కాదు. అది పురావస్తు శాఖ కింద ఉండాది, ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది వేసుకోవచ్చు. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, మనం గోల్ గుమ్మజ్ అంటామే, అది కూడా ఉంటాది. ఉండనివి ఈ ఇళ్లు. 1953 అక్టోబర్ 1న మన ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు డేరాల్లో నడిచినాయంటారు, 1956లో అంతా హైదరాబాద్ పోయింది. ఆ డేరాల ముందర కూర్చుని, టీ కొట్టుతో సహా, ఎవరైనా స్కెచ్‌లు వేసి పెట్టి ఉంటే ఈ రోజు వాటి విలువ ఎంతని! మనం కూడా ఇప్పుడు ఉన్నదాన్ని వేయకుండా అందరూ వేసిన బురుజునే మళ్లీ వేస్తాన్నాం. రోడ్డు వెడల్పు అంటే మొదట పోయేది చెట్లు, వేపచెట్టు కొట్టేసిన చోట ఫ్లెక్సీ లేస్తాది, ఫ్లెక్సీ నీడలో అయినా కూర్చుందామంటే అది కూడా నడినెత్తిన ఎండ వచ్చేసరికి ఉండదు. ఈ విషయంలో నాకు చాలా కోపం, ఇంకా రాస్తే ఆగను.

సామాన్లు. 2బి, 6బి పెన్సిళ్లు రెండు (బి ముందర అంకె పెరిగేకొద్దీ గీత మెత్తగా, నల్లగా పడతాది), ఒక బాల్ పెన్. చాలా జెల్ పెన్నులు నీళ్లు తగిలితే పారతాయి, రంగు వేయాలనుకుంటే ముందు ఇంట్లో గీసి తడిపి చూడండి. మన దుకాణాల్లో డ్రాయింగ్ బుక్ అడిగితే స్కూలు పిల్లల బుక్ చేతిలో పెడతారు, దాని మీద నీళ్ల రంగు వేస్తే అప్పడం మాదిరి లేస్తాది, కనీసం 200 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే మందం కాగితం కావాల, దొరక్కపోతే తెప్పించుకోండి. ఎండాకాలంలో మన దగ్గర రంగు పూస్తాండగానే ఆరిపోతాది, అందుకని ముందు ఉత్త నీళ్లు పూసి దాని మీద రంగు వేయాల, అదీ ఒక్కో గోడ చొప్పున. నాపరాయి రంగు కోసం నల్ల రంగు వాడొద్దు, చచ్చినట్టుంటాది. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు కలపండి, అచ్చం ఆ బూడిద నలుపు వస్తాది. కింద వేసుకోడానికి ఒక గోనెసంచి మర్చిపోవద్దు, మార్చి దాటితే ఎండ తగిలిన నాపరాయి పొద్దున తొమ్మిదికే కాలుతాది. అందుకే వచ్చే ఆదివారం ఆరున్నరకే వన్ టౌన్ చేరుకోండి, రంగులు కొనలేదని ఆగొద్దు, మొదటికి బాల్ పెన్ చాలు.