రైల్వే గేటు మూసి వంతెన కడతామంటే ముందు అడగవలసినది ర్యాంపు స్థలం

మీ కాలనీకీ బజారుకీ మధ్య ఉన్న రైల్వే గేటును మూసేసి పాదచారుల వంతెన కడతామంటున్నారనీ, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు, మూడు చక్రాల బండి మీద తిరిగే మీ మరిది ఇక ఎలా దాటాలనీ అడిగారు. మీది కడప పక్కనే కదా, మాది కూడా అదే గుంతకల్లు–రేణిగుంట లైను మీది ఊరు. మా గేటు మూసి కొన్నేళ్లయింది. మాకు జరిగినది మీకు జరగకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

గేటు తీసేయడాన్ని మాత్రం వ్యతిరేకించకండి. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లను 2019 జనవరి నాటికే తొలగించారు. ఇప్పుడు కాపలా ఉన్న గేట్ల వంతు వచ్చింది, రావలసిందే. మనది రెండు లైన్ల మార్గం. ఒక బండి వెళ్లిపోగానే దారి ఖాళీ అయిందనుకుని అడుగు వేస్తారు, దాని చాటునుంచి అవతలి లైను మీద ఇంకొకటి వచ్చేస్తుంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 30 మీటర్లు దాటుతుంది. కర్ర ఊతంతో నడిచే మనిషి సెకనుకు అర మీటరు నడుస్తారనుకుందాం. రెండు లైన్లూ, అటూ ఇటూ కాస్త జాగా కలిపి 12 మీటర్లు దాటడానికి 24 సెకన్లు కావాలి. అంటే అడుగు వేసేటప్పటికి రైలు 700 మీటర్లకు పైగా దూరంలో ఉండాలి. మలుపున్న చోట అంత దూరం కనబడనే కనబడదు.

మా ఊళ్లో వాహనాలకు ఊరి చివర పెద్ద వంతెన వేశారు, పాత గేటు దగ్గర నడిచేవాళ్లకు మెట్ల వంతెన కట్టారు. మెట్లు మాత్రమే. విద్యుత్ తీగలున్న లైను మీద కట్టే వంతెన అడుగుభాగం పట్టాలకు ఆరు మీటర్ల పైనే ఉండాలి. నడిచే తలం ఇంచుమించు ఏడు మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. అంటే నలభైకి పైగా మెట్లు ఎక్కాలి, మళ్లీ అన్నీ దిగాలి. మా పెద్దమ్మ కూరగాయల సంచీతో సగం దాకా ఎక్కి, మలుపు దగ్గర చదునుగా ఉన్నచోట కూర్చుండిపోయేది. పైన కప్పు లేదు. మే నెల ఎండకు ఇనుప రెయిలింగు కాలిపోతుంటుంది, కొంగు చుట్టుకుంటే తప్ప చెయ్యి వేయలేరు. పట్టుకోకుండా దిగే శక్తి ఆ వయసువాళ్లకు ఉండదు. కొన్నాళ్లకే కంచెలో రెండు ఊచలు పక్కకు వంగాయి. వంతెన కిందుగానే జనం మళ్లీ పట్టాలు దాటడం మొదలుపెట్టారు. ఈసారి ఆపడానికి గేటూ లేదు, కేక వేయడానికి గేట్‌మనూ లేడు.

అలా దాటడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మెట్లెక్కగలిగీ బద్ధకించిన కుర్రాడికి జరిమానా వేస్తే నేను తప్పుపట్టను. కానీ వేరే దారే మిగల్చకుండా ముసలమ్మను తప్పు చేసిందనడం నాకు ఎన్నటికీ న్యాయంగా తోచదు.

ఇక ర్యాంపు సంగతి. సుగమ్యత మీద, అంటే దివ్యాంగులూ ముసలివాళ్లూ వాడుకోగల ఏర్పాట్ల మీద, కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వాలు 12కు 1 మించకూడదు, అంటే ఒక మీటరు ఎత్తుకు 12 మీటర్ల పొడవైనా ఉండాలి. ఏడు మీటర్ల ఎత్తుకు కనీసం 84 మీటర్ల ర్యాంపు, మధ్యమధ్య ఆగే చదును జాగాలు అదనం. ఇదంతా ఒకవైపుకే. అంత స్థలం లేదు అనేదే మీకు వచ్చే మొదటి జవాబు. నిజానికి స్థలం ఉంటుంది. గేటు మూసేశాక అటూ ఇటూ పనికిరాకుండా మిగిలే పాత రోడ్డే ఆ స్థలం! మా దగ్గర ఎవరికీ ఆ ఆలోచన రాకముందే బజారు వైపు రోడ్డు మీద బంకు కొట్లు, ఆటోల స్టాండు వెలిశాయి. చాలాకాలం తిరిగాక కాలనీ వైపు ర్యాంపు వచ్చింది, బజారు వైపు ఈనాటికీ మెట్లే. ఒకవైపే ఉన్న ర్యాంపుతో ఎవరు ఎక్కడికి వెళ్లగలరు? కాబట్టి మూసిన రోడ్డు ముక్కను రెండు వైపులా ర్యాంపు కోసమే ఉంచాలని ఇప్పుడే రాయించండి. మీరు అడగవలసిన వాటిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

లిఫ్టు పెడతామంటే వద్దనకండి, దాన్నొక్కదాన్నే నమ్ముకోనూ వద్దు. కరెంటు పోతే ఏమిటి, రాత్రి తాళం వేస్తారా, మరమ్మతు రైల్వేదా మున్సిపాలిటీదా అన్నవి కాగితం మీద ఉండాలి. మీ మరిదిది చేత్తో తిప్పే పొడవాటి బండి అయితే మామూలు లిఫ్టులో పట్టకపోవచ్చు, ర్యాంపు మలుపులో తిరగకపోవచ్చు. బండి పొడవు, వెడల్పు కొలిచి అర్జీలో రాయండి.

పట్టాల కింద నడకదారి వీలవుతుందేమో కూడా అడగండి. మనిషి ఎత్తుకు సరిపడా తవ్వితే చాలు కాబట్టి దిగవలసిన లోతు వంతెన ఎత్తులో ఇంచుమించు సగమే ఉంటుంది, ర్యాంపు కూడా దాదాపు సగానికి తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులవాళ్లకు నా దృష్టిలో ఇదే మేలు. అయితే 2021 నవంబరు వానలు చూసిన జిల్లా మనది. దారి పొడవునా పైకప్పు, నీరు చేరే గుంట, తోడే పంపు, రాత్రంతా దీపాలు లేకపోతే అది నీళ్ల తొట్టి అవుతుంది, ఆడవాళ్లు చీకటి పడ్డాక అటు వెళ్లరు.

వీటన్నిటికీ అదను ఒక్కటే. గేటు మూయడానికి రైల్వేవారు జిల్లా యంత్రాంగం సమ్మతి అడుగుతారు. ఆ సమ్మతి ఇవ్వకముందే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు కాలనీవాళ్లంతా కలిసి వెళ్లండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని అర్జీలో పేర్కొనండి. ర్యాంపు గాని నడకదారి గాని వాడుకలోకి వచ్చాకే గేటు మూయాలనే షరతు సమ్మతి పత్రంలోనే ఉండాలని పట్టుబట్టండి. మేము గేటు మూసిన తరువాత కదిలాం, అప్పటికి మా మాట ఎవరికీ అవసరం లేకపోయింది. గుంతకల్లు డివిజన్ కార్యాలయానికి పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి వంతెన డ్రాయింగు నకలు తెప్పించుకోండి. అందులో మెట్లు తప్ప ఇంకేమీ లేకపోతే ఆ నకలునే అర్జీకి జతచేయండి.

స్థలం చూడడానికి అధికారులు వచ్చిన రోజున మీ అత్తగారినీ, బండితో సహా మీ మరిదినీ అక్కడికి తీసుకువెళ్లండి. డ్రాయింగు చేతికి వచ్చాక ర్యాంపు పొడవు, మలుపుల వెడల్పు ఇక్కడ రాయండి, మీ మరిది బండి కొలతలతో సరిపోల్చి చూసి చెబుతాను.