మామూలు ఎంబీబీఎస్ డాక్టరుకి క్యాన్సర్ ట్రైనింగ్ పనికొస్తుందా?

తెనాలి దగ్గర క్లినిక్ పెట్టా, క్యాన్సర్ పేషెంట్లు వస్తున్నారు, కోర్సు ఏదన్నా చెయ్యాలా, అందులో ఆదాయం ఉంటుందా అని అడిగారు కదండీ. నేను పొన్నూరు వైపు ప్రాక్టీస్ చేస్తా, నేనూ ఎంబీబీఎస్సే. సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు మీ పేషెంట్లు వెళ్ళే ఆంకాలజిస్టుని, అంటే క్యాన్సర్ డాక్టర్ని అడిగి, కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే ఆయన డే కేర్ లో కొన్నాళ్ళు కూర్చోండి, నాకు అక్కడ సీనియర్ సిస్టర్లు నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదు.

కీమో (క్యాన్సర్ మందు) పెట్టడం మన పని కాదు, ఆ జోలికి పోవద్దు. మన పేషెంట్లు విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరులోనో కీమో ఎక్కించుకుని బస్సెక్కి ఇంటికొచ్చేస్తారు, జ్వరం మాత్రం రాత్రిపూట ఇక్కడ వస్తుంది. ఒకావిడని వాళ్ళాయన బండి మీద తీసుకొచ్చాడు, 101 జ్వరం, మనిషి బాగానే మాట్లాడుతోంది, "ఒక సూదేసి పంపండి డాక్టరు గారూ, పొద్దున్నే చూసుకుందాం" అంటున్నాడు. కీమో ఎప్పుడయ్యిందమ్మా అంటే పది రోజులైంది అంది. అదే అసలు ప్రశ్న అండీ, ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కౌంట్లు, అంటే ఇన్ఫెక్షన్ తో పోరాడే తెల్ల రక్తకణాలు, బాగా పడిపోయి ఉంటాయి, అప్పుడు 100.4 దాటితే ఎమర్జెన్సీ కిందే లెక్క. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి రక్తం తీసి, గంటలోపే పిప్టాజ్ అనే యాంటీబయాటిక్ ఐవీ మొదటి డోసు పెట్టి, ఆంకాలజిస్టుకి ఫోన్ చేసి, కారు మాట్లాడించి పంపించేశా. తర్వాత చూస్తే ఆ తెల్లకణాల్లో ముఖ్యమైన న్యూట్రోఫిల్స్ 500 లోపే ఉన్నాయి. పిరుదుకి డైక్లో (నొప్పి, జ్వరం తగ్గించే మందు) సూది అస్సలొద్దు, ప్లేట్‌లెట్లు తక్కువుంటే సూది చోట లోపల రక్తం కారి గడ్డ కడుతుంది, పైగా జ్వరం దిగింది కదా, తగ్గిపోయిందనుకుని అందరూ నిద్రపోతారు. మీ ఊరి ఆర్‌ఎంపీలకి కూడా ఇదొక్కటి చెప్పి పెట్టండి, వాళ్ళ దగ్గరికే ముందు వెళ్తారు.

నొప్పికి మార్ఫిన్ ఎలా వాడాలో కూడా నేర్చుకోండి, 2014లో చట్టం మార్చి రూల్స్ కాస్త తేలిక చేశారు గానీ ప్రభుత్వ గుర్తింపున్న ఆస్పత్రి నుంచే తేవాలి, మార్ఫిన్ కి మలబద్ధకం వస్తుంది, దాంతోపాటు విరేచనం మందు రాయకపోతే మూడో రోజుకి మాత్రలే మానేస్తారు. మన వైపు పొగాకు ఎక్కువ కాబట్టి నోట్లో పుండు మూడు వారాలకి మానకపోతే బీ కాంప్లెక్స్ రాస్తూ కూర్చోకుండా బయాప్సీకి పంపండి.

ఇక ఆదాయం అంటారా, ఓపీ ఫీజే తప్ప ఇంకేం రాదు, రాత్రి ఫోన్లు మాత్రం పెరుగుతాయి, ఇంట్లో మేడంగారితో ముందే మాట్లాడుకోండి.